ట్యూబులో ఫ్లోరైడ్, బోరులో ఫ్లోరైడ్

ఫ్లోరైడ్ గురించి మన హాస్టల్లో రెండు మాటలు వినిపిస్తాయి. "పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి, లేకపోతే పళ్లు పుచ్చిపోతాయి" అనేది ఒకటి. "అది విషంరా, కనిగిరి వైపు, నల్గొండ వైపు మనుషుల్ని చూడు" అనేది ఇంకోటి. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఎంత ఫ్లోరైడ్, ఎక్కడికి వెళ్తోంది అనే లెక్క చూడకపోతే రెండూ తప్పుదారి పట్టిస్తాయి. ఆ లెక్క ఒకసారి చేద్దాం.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

పంటి పైపొరని ఎనామెల్ అంటారు. మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. క్యాల్షియం, ఫాస్ఫేట్ ఉండే హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజంతో తయారవుతుంది. బందరు లడ్డు తిన్నా, క్యాంటీన్‌లో టీ తాగినా, ఆ చక్కెరని నోట్లోని బ్యాక్టీరియా యాసిడ్‌గా మారుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం యాసిడ్‌ని పలచన చేసి, పోయిన ఖనిజాల్ని కొంతవరకు తిరిగి చేరుస్తుంది. రోజంతా ఈ తీసివేత, కూడిక నడుస్తూనే ఉంటాయి. తీసివేత ఎక్కువైతే పిప్పి పన్ను వస్తుంది.

ఫ్లోరైడ్ కూడికకి సాయం చేస్తుంది. అది ఉన్నచోట తిరిగి చేరే ఖనిజం ఫ్లోరపటైట్‌కి దగ్గరగా ఉంటుంది. అది పీహెచ్ సుమారు 4.5 వరకు తట్టుకోగలదు. ఈ పని ముఖ్యంగా పంటి పైనే జరుగుతుంది కాబట్టి పేస్టుని మింగాల్సిన అవసరం లేదు.

మరి కనిగిరి సంగతేంటి?

కనిగిరి, పొదిలి, దర్శి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1937లోనే రాశారు. ఆ ప్రాంతాల్లో, అలాగే నల్గొండలో, నేల కింది రాళ్లలోని ఫ్లోరైడ్ కరిగి బావుల్లోకి, బోర్లలోకి వస్తుంది. మన విజయవాడకి, డెల్టా కాలువల కింద ఊళ్లకి కృష్ణ నీళ్లు ఉన్నాయి. నది నీళ్లలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. అందుకే ఇక్కడ పెరిగినవాళ్లకి ఆ బాధ అంతగా తెలియదు.

ఇప్పుడు లెక్క. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఒక బోరులో లీటరుకి 4 మిల్లీగ్రాములు ఉందనుకోండి. రోజుకి 3 లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు, అంతా కడుపులోకే. అదే 1000 పీపీఎమ్ పేస్టు ఒక గ్రాములో ఉండేది 1 మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము, అంటే పావు మిల్లీగ్రాము. అందులోనూ చాలావరకు ఉమ్మేస్తాం.

ఇంకో విషయం. గార పళ్లు అని మనం వెక్కిరించే ఆ గోధుమరంగు మచ్చలు బ్రష్ చేయకపోవడం వల్ల వచ్చినవి కావు. సుమారు ఎనిమిదేళ్ల లోపు, చిగురు లోపల ఎనామెల్ తయారవుతున్నప్పుడే, తాగిన నీళ్ల వల్ల వస్తాయి. ఎంత తోమినా, ఏ వైటెనింగ్ పేస్టు వాడినా పోవు. డెంటిస్టు దగ్గర వైద్యం ఉంది. ఫొటో తీసేటప్పుడు నోరు మూసుకునే ఫ్రెండ్ మీకూ ఉండొచ్చు. వాడికి బ్రష్ చేయమని సలహా ఇచ్చే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

షాపులో ఏం చూడాలి?

డబ్బా వెనక సోడియం ఫ్లోరైడ్, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్, స్టానస్ ఫ్లోరైడ్ అనే పేర్లలో ఏదైనా ఉందా చూడండి. పక్కన పీపీఎమ్ అంకె ఉంటుంది. మన దేశంలో 1000 దాటకూడదని నియమం. ఆయుర్వేద, హెర్బల్ పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు, కాబట్టి లేబుల్ చదవాల్సిందే. చల్లటి నీళ్లకి పళ్లు జివ్వుమంటే పొటాషియం నైట్రేట్ ఉన్నది కొంత పనిచేస్తుంది, కానీ ఒకసారి డెంటిస్టుకి చూపించుకోండి. బొగ్గుపొడి, ఇటుకపొడి ఎనామెల్‌ని అరగదీస్తాయి. ట్యూబు చివర ఉండే ఆకుపచ్చ, ఎరుపు, నలుపు గళ్లకి లోపలున్న పేస్టుతో సంబంధం లేదు. అది ప్యాకింగ్ మెషిన్‌లోని సెన్సార్ కోసం పెట్టే గుర్తు.

రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమండి. రాత్రి పడుకునే ముందు మానొద్దు. నురగ ఉమ్మేశాక పదిసార్లు పుక్కిలించకండి, పంటి మీద మిగిలే ఆ కాస్త ఫ్లోరైడే పనిచేసేది. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. పక్కన పెద్దవాళ్లు ఉండి ఉమ్మించాలి.

మీ ఊళ్లో బోరు నీళ్లే తాగుతుంటే, సెలవులకి వెళ్లినప్పుడు ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్‌కి రంగు, వాసన ఉండవు. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో ఫిల్టరు చాలావరకు తీసేస్తుంది. పటిక, సున్నంతో తీసే పద్ధతి కూడా ఉంది. దాని పేరే నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. పేస్టు మార్చాలా వద్దా అని ఆలోచించే ముందు, ఎనిమిదేళ్లు నిండని తమ్ముడో చెల్లో తాగే నీళ్లలో ఎంతుందో తెలుసుకోవడం ముఖ్యం.