దుమ్ముగూడెం బదిలీ అయిందా? ఊరి బడిని ఇలా చూడండి

ఏజెన్సీకి బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే ఇంట్లో మొదట వచ్చే మాట పిల్లల చదువు. భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలో పంచాయతీ కార్యదర్శిగానో, అటవీ శాఖ బీట్ ఆఫీసరుగానో, ఏఎన్ఎంగానో చేరబోయేవాళ్ళకు చుట్టుపక్కలవాళ్ళు ముందే తీర్పు చెప్పేస్తారు. “కుటుంబాన్ని భద్రాచలంలో పెట్టు, నువ్వు రోజూ బండి మీద పోయిరా.” కొందరు ఆ మాటే పట్టుకుని టౌన్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటారు. కొందరు ఇక్కడే ఉండి, ఆరేళ్ళ పిల్లను పొద్దున్నే ఆటో ఎక్కించి టౌన్ స్కూలుకు పంపుతారు. పక్క సందులో ఉన్న సర్కారు బడి గేటు దాటి లోపలికి వెళ్ళి చూసేవాళ్ళు మాత్రం తక్కువ.

చూడకుండా వద్దనుకోకండి, చూడకుండా చేర్చనూ వద్దు. ఒక ప్రాథమిక పాఠశాల ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి ఒక పూట చాలు. ఆ పూటలో గోడల రంగు మీద, బోర్డు మీద రాసిన మీడియం మీద కాకుండా మూడో తరగతి పిల్లల చదువు మీద దృష్టి పెట్టండి. వాళ్ళు అర్థం చేసుకుంటూ చదవగలుగుతుంటే, ఆ బడిలో మిగతా లోపాలు సరిచేసుకోగలిగినవే.

ముందు ఆ బడి ఎవరి కిందిదో తెలుసుకోండి

ఈ మండలంలో సర్కారు బళ్ళన్నీ ఒకే శాఖవి కావు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు విద్యాశాఖ కింద, మండల విద్యాధికారి (ఎంఈఓ) పర్యవేక్షణలో నడుస్తాయి. గిరిజన ప్రాథమిక పాఠశాలలు, హాస్టల్‌తో కలిసి ఉండే ఆశ్రమ పాఠశాలలు గిరిజన సంక్షేమ శాఖవి. వాటి బాగోగులు భద్రాచలంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చూస్తుంది. బోర్డు మీద పేరు చదివితే ఏ బడి ఏ శాఖదో తెలిసిపోతుంది. రేపు ఏదైనా అడగాల్సి వస్తే ఎవరిని అడగాలో ముందే తెలిసి ఉండటం మంచిది.

ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌తోనో బడి పేరుతోనో యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో వెతికితే పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, గదులు, మరుగుదొడ్లు, తాగునీటి వివరాలు ఫోన్‌లోనే కనిపిస్తాయి. వెళ్ళేముందు అవి ఒక కాగితం మీద రాసుకోండి. లెక్కల్లో ఉన్నది, కళ్ళకు కనిపించేది సరిపోతున్నాయా లేదా అన్నదే మీ మొదటి పరిశీలన.

టీచర్ల లెక్క

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అయిదో తరగతి వరకు ఉన్న బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన జరగాలి.

ఈ అంకెలను రోజు లెక్కలోకి మార్చి చూడండి. 800 గంటలు 200 రోజులకు పంచితే రోజుకు నాలుగు గంటలు. బడిలో ఒక్క టీచరే ఉండి అయిదు తరగతులు నడపాల్సి వస్తే, ఒక్కో తరగతికి టీచరు నేరుగా ఇవ్వగలిగేది 48 నిమిషాలు. ఇద్దరుంటే అది 96 నిమిషాలవుతుంది. ఏజెన్సీ బడిలో రెండో టీచరు ఉండటం, లేకపోవడం మధ్య ఇంత తేడా ఉంది. అందుకే హెచ్ఎం గారిని మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: “ఒక సారు సెలవు పెట్టినా, శిక్షణకో ఎలక్షన్ డ్యూటీకో వెళ్ళినా ఆ రోజు బడి ఎట్లా నడుస్తుంది?” వెంటనే స్పష్టంగా జవాబు వస్తే అక్కడ ఏర్పాటు ఉన్నట్టు. “ఏదో సర్దుకుంటామండీ” అంటే ఆ రోజు చదువు లేనట్టే.

ఇద్దరు టీచర్లున్న బడిలోనూ రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. ఇలాంటి గదిలో టీచరు మాట్లాడే తరగతిని వదిలి, మిగతా పిల్లలను చూడండి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తున్నప్పుడు నాలుగో తరగతి పిల్లలు కథల పుస్తకం చదువుతున్నారా, జతలుగా లెక్కలు చేస్తున్నారా, లేక చేతులు కట్టుకుని కూర్చున్నారా? పని ఇచ్చి కూర్చోబెట్టిన టీచరు ఆ పనిని సాయంత్రంలోగా చూస్తారా? బహుళ తరగతి బోధన చేతనైన టీచరు దొరకడం మీ పిల్ల అదృష్టం. ఆ నేర్పు ఏ సర్టిఫికెట్‌లోనూ కనిపించదు, పది నిమిషాలు గది వెనక కూర్చుంటే కనిపిస్తుంది.

మూడో తరగతి పిల్లలతో పది నిమిషాలు

హెచ్ఎం గారి అనుమతి అడిగి, మూడో తరగతిలో నలుగురైదుగురు పిల్లలతో కూర్చోండి. చురుకైన పిల్లనే ముందుకు తోస్తారు, అది సహజం. మీరు మధ్య వరసలో వాళ్ళనూ పిలవండి.

2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం తరగతివారీగా లక్ష్యాలు పెట్టింది. తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ పేరుతో మొదలైందీ ఆ పనే. రెండో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి పూర్తయ్యేసరికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. అంకెల్లో మూడో తరగతికి 9,999 దాకా చదవడం, రాయడం రావాలి. జూన్, జూలైల్లో మీరు వెళ్తే మూడో తరగతి పిల్లలను రెండో తరగతి లక్ష్యంతోనే కొలవండి.

పాఠ్యపుస్తకంలో అయిపోయిన పాఠం ఇవ్వకండి. పిల్లలు దాన్ని కంఠతా పట్టి ఉంటారు. వేలు ఒక లైను మీద ఉంటుంది, నోరు దాని తర్వాతి లైను చెబుతుంది. అలా జరిగితే అది అప్పజెప్పడం, చదవడం కాదు. ఇంకా చెప్పని పాఠం తీయండి, లేదా పేపర్లో వచ్చే పిల్లల పేజీ ఒకటి వెంట తీసుకెళ్ళండి. చదివాక “ఎవరు వచ్చారు? ఎందుకు వచ్చారు?” అని అడగండి. తడబడుతూ, ఒత్తుల దగ్గర ఆగుతూ, తప్పు తానే దిద్దుకుంటూ చదివి, ఎందుకో చెప్పగలిగిన పిల్ల బాగా చదువుతున్నట్టే. వేగంగా చదివేసి ఏమీ చెప్పలేకపోతే ఇంకా పని మిగిలి ఉంది.

లెక్కకు సంత చాలు. “50 రూపాయల నోటు ఇచ్చి 32 రూపాయల టమాటాలు కొంటే ఎంత తిరిగి రావాలి?” అని అడగండి. ఇక్కడి పిల్లలు చాలామంది నోటితో చటుక్కున చెప్పేస్తారు. అదే లెక్కను పలక మీద వేయమనండి. నోటి లెక్క వచ్చి పలక మీద అప్పు తెచ్చుకోవడం రాకపోతే, పిల్లకున్న తెలివిని బడి ఇంకా కాగితం మీదికి తీసుకురాలేదని అర్థం.

ఇక్కడ ఇంకో సంగతి మరవద్దు. దుమ్ముగూడెం గూడేల్లో చాలా ఇళ్ళలో కోయ భాష మాట్లాడతారు. ఒకటో తరగతికి వచ్చే కోయ పిల్లలకు తెలుగు రెండో భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయతో సహా కొన్ని గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది కూడా ఇందుకే. కాబట్టి ఒకటి, రెండు తరగతుల్లో పిల్లలు మౌనంగా ఉంటే మొద్దులని తీర్మానించకండి. టీచరు కోయలో నాలుగు మాటలైనా కలిపి మాట్లాడుతున్నారా, పిల్లలు తిరిగి ప్రశ్న అడుగుతున్నారా అన్నది చూడండి. పిల్లలు ప్రశ్న అడిగే గదిలో భయం లేదు. బల్ల మీద బెత్తం కనిపిస్తే మాత్రం గట్టిగా అడగండి, పిల్లలను కొట్టడం చట్టం నిషేధించింది.

నోటు పుస్తకాలు తిరగేయండి

ఒకే తరగతివి అయిదు నోటు పుస్తకాలు పక్కపక్కన పెట్టండి. అయిదింట్లోనూ అవే వాక్యాలు, అవే తప్పులు ఉంటే బోర్డు చూసి ఎక్కించుకున్నారన్నమాట. “మా ఇంటి కోడి” గురించి ఒకరు రెండు వాక్యాలు, ఇంకొకరు అయిదు వాక్యాలు, అక్షర దోషాలతోనైనా సొంతంగా రాసి ఉంటే ఆ బడిలో రాయడం నేర్పుతున్నారు. తేదీలు చూడండి, మధ్యలో రెండు వారాలు ఖాళీగా ఉందేమో గమనించండి. ఎర్ర సిరాతో ఒట్టి టిక్కు పెట్టారా, తప్పు దిద్ది మళ్ళీ రాయించారా చూడండి. దిద్దిన తప్పు తర్వాతి పేజీల్లో తగ్గుతూ వస్తే ఆ టీచరు చేతిలో పిల్లను ధైర్యంగా పెట్టవచ్చు.

హాజరుకు ఇక్కడ ఒక కాలచక్రం ఉంది

హాజరు పట్టీలో ఎంతమంది ఉన్నారో, గదిలో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టండి. అయితే ఏ నెలలో వెళ్ళారన్నది చూసుకోవాలి. పత్తి తీతలప్పుడు, మిరప కోతలప్పుడు, వేసవి ముందర ఇప్పపువ్వు ఏరేటప్పుడు పెద్దపిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్తారు, లేదా ఇంట్లో చంటిపిల్లలను చూసుకుంటారు. వానాకాలంలో జ్వరాలు. గోదావరి పొంగితే దారులు మునుగుతాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు.

ఇలాంటి చోట పిల్లలు రాని రోజులు ఉంటాయి. అడగాల్సింది తర్వాతి సంగతి. రాని పిల్ల ఇంటికి ఎవరైనా వెళ్తున్నారా? పోయిన పాఠాలు మళ్ళీ చెబుతున్నారా? “ఫలానా పిల్ల పది రోజులుగా మిరప తోటకు పోతోంది, వాళ్ళమ్మతో మాట్లాడాను” అని ఒక టీచరు చెప్పగలిగితే, ఆ బడిలో హాజరు పట్టీ వెనక మనుషులున్నారు.

మధ్యాహ్నం దాకా ఉండండి

భోజనం వేళ చూడకుండా రావద్దు. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని నిబంధన. పిల్లలకు పెట్టే ముందు ఒక టీచరు రుచి చూడాలి. పప్పు గరిటెలో పప్పు ఎంత, నీళ్ళెంత? గుడ్డు రోజున అందరికీ వస్తుందా? సార్లు కూడా ఆ అన్నమే తింటుంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మరుగుదొడ్డి ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు. తాళం ఎవరి దగ్గరుందో అడగండి, లోపల నీళ్ళు వస్తున్నాయా చూడండి. నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలను మీ ఇంట్లో ఆడవాళ్ళ చేత అడిగించండి.

ఇంగ్లిష్ మీడియం బోర్డు సంగతి

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బళ్ళలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటాయి. పిల్లను టౌన్ స్కూలు వ్యాను ఎక్కించడానికి మీరు చెప్పుకునే కారణం ఇంగ్లిషే అయితే అది ఇక్కడా ఉంది. ఏ బడిలోనైనా పిల్ల ముందు ఒక భాషలో నిలకడగా చదవగలగాలి, ఆ తర్వాత ఇంగ్లిష్ త్వరగా పట్టుకుంటుంది. టౌన్‌లో ప్రైవేటు బడినీ ఇదే పరీక్షతో చూడండి. ఫీజు కడుతున్నారు కాబట్టి పరీక్ష సడలించకండి. రానుపోను ప్రయాణంలో పోయే గంటలు, ఆ అలసట కూడా లెక్కలో వేయండి.

ఏడాది మధ్యలో బదిలీ అయితే

టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపడానికి చట్టం ఒప్పుకోదు. పుట్టినతేదీ కాగితం లేదని తిప్పి పంపడానికీ వీల్లేదు. ఏడాది మధ్యలో వచ్చినా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. అయితే గిరిజన గురుకులాల్లో అయిదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది కాబట్టి, ఆ ఆలోచన ఉన్నవాళ్ళు నాలుగో తరగతిలోనే టీచరుకు చెప్పి ఉంచండి.

కూలి పనికి వెళ్ళేవాళ్ళకు

ఈ పరిశీలన ఊళ్ళో కూలికి వెళ్ళే తల్లిదండ్రులకూ అవసరమే, కానీ ఒక పూట పని మానుకుంటే ఆ పూట కూలి పోతుంది. మీకు రెండే పనులు. వారంలో ఒకరోజు పిల్ల నోటు పుస్తకం తెరిచి తేదీలు చూడండి. చదువు రాకపోయినా ఎర్ర సిరా కనిపిస్తుంది. రాత్రి అన్నం తిన్నాక పాఠం చదివించి, అందులో ఏముందో మీకు చెప్పమనండి. చెప్పలేకపోతే మర్నాడు బడి గంట కొట్టే వేళకు వెళ్ళి సారును అడగండి. అడిగే హక్కు మీకుంది.

తీర్పు ఎలా చెప్పాలి

మూడో తరగతిలో సగానికి పైగా పిల్లలు కొత్త పేజీ అర్థం చేసుకుంటూ చదువుతూ, టీచర్లు క్రమంగా వస్తూ, భయం లేకుండా ఉంటే గోడ పెచ్చులూడినా సరే, చేర్చండి. చదువు బలహీనంగా ఉన్నా టీచర్లు పిల్లల పేర్లతో, ఇళ్ళతో సహా సంగతులు చెప్పగలుగుతుంటే, ఇంట్లో రోజూ అరగంట చదివిస్తామన్న పట్టుదల మీకుంటే చేర్చవచ్చు. టీచరే సరిగా రాని బడి అయితే పక్క ఊరి సర్కారు బడిని చూడండి. చేర్చకపోయినా ఆ సంగతి ఎంఈఓకో ఐటీడీఏకో రాసి ఇవ్వండి. ఆ బడి తప్ప వేరే దారి లేని పిల్లలు అక్కడే ఉన్నారు.

చేర్చాక ఊరికే ఉండకండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు ఉండాలని, మొత్తంలో సగం మంది మహిళలు కావాలని చట్టం చెబుతోంది. 2024 నుంచి బడి మరమ్మతు పనులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు చూస్తున్నాయి. సమావేశానికి వెళ్ళండి. దరఖాస్తు రాయడం, ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో తెలియడం మీ ఉద్యోగం మీకు నేర్పిన పని. పంపు బాగుచేయించడానికైనా, ఖాళీగా ఉన్న టీచరు పోస్టు కోసమైనా మీరు రాసే ఒక్క అర్జీ మీ పిల్లతో పాటు ఆ గదిలో కూర్చున్న ప్రతి కోయ పిల్లకూ పనికొస్తుంది. మూడేళ్ళకు మీకు మళ్ళీ బదిలీ రావచ్చు, కానీ ఆ అర్జీతో వచ్చిన టీచరు, బాగుపడ్డ పంపు ఆ ఊళ్ళోనే ఉంటాయి.