కెరటం ఎత్తును ఎలా లెక్కిస్తారు?



మన గంజాం తీరంలో సముద్రపు వేటే జీవనాధారమైన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తెల్లవారుజామున పడవ దించాలా, వద్దా అన్నది వారికి ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. దానికి జవాబు చెప్పడంలో మీరు ప్లస్ టూలో చదివే గణితం ఎంతగా పనికివస్తుందో ఈ పాఠంలో వివరిస్తాను.

ముందుగా ఒక నిర్వచనం. కెరటాలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. కొంతసేపు వచ్చిన కెరటాలను ఎత్తు ప్రకారం పేర్చి, అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు తీస్తారు. దీనిని ‘సార్థక కెరటపు ఎత్తు’ అంటారు. ఇది 2 మీటర్లని ప్రకటిస్తే, మధ్యలో ఎప్పుడో ఒకసారి 4 మీటర్ల కెరటం కూడా రావచ్చు. ఈ సంగతి వేటకు వెళ్ళేవారు తప్పక గుర్తుంచుకోవాలి.

ఈ ఎత్తు తెలుసుకోవడానికి ముఖ్యంగా నాలుగు ఆధారాలు ఉన్నాయి.

1. ఓడ: ఓడలోని అధికారి కంటితో చూసి అంచనా వేస్తాడు. ఓడ ఊగే తీరును పరికరాలతో కొలిచి కూడా కెరటాలను లెక్కగట్టవచ్చు. అయితే పెద్ద ఓడ చిన్న కెరటాలకు కదలదు. పైగా తుపాను వస్తే ఓడలు దూరంగా తప్పుకుంటాయి.

2. బోయా: లంగరు వేసి ఉంచిన ఈ తేలే పరికరం తన త్వరణాన్ని కొలుస్తుంది. త్వరణాన్ని రెండుసార్లు సమాకలనం చేస్తే స్థానభ్రంశం వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు గోపాల్‌పూర్ దగ్గరి బోయా 7.3 మీటర్ల సార్థక ఎత్తును నమోదు చేసింది.

3. ఉపగ్రహం: ఇది పంపే రాడార్ తరంగం కెరటపు శిఖరం నుంచి ముందుగా, పల్లం నుంచి ఆలస్యంగా తిరిగి వస్తుంది. ఆ తేడాను బట్టి ఎత్తు తెలుస్తుంది. 2013లో శ్రీహరికోట నుంచి ప్రయోగించిన సరళ్ ఇటువంటిదే.

4. కంప్యూటర్ నమూనా: గాలి వేగం, దిశలను బట్టి సమీకరణాలతో అంచనా కడుతుంది.

వీటి కొలతలు ఒకదానితో ఒకటి సరిపోలకపోతే ఏది నమ్మాలి? ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. నమూనా 2 మీటర్లు అంది. దాని పొరపాటు 0.4 మీటరు. ఓడ 3 మీటర్లు అంది. దాని పొరపాటు 0.8 మీటరు. పొరపాటు వర్గానికి విలోమంగా ప్రాధాన్యం ఇవ్వాలి. అంటే నమూనాకు 4 పాళ్ళు, ఓడకు 1 పాలు.

(4 × 2 + 1 × 3) ÷ 5 = 2.2 మీటర్లు.

ఇప్పుడు పొరపాటు సుమారు 0.36 మీటరుకు తగ్గింది. రెండు పొరపాట్లకూ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, బలహీనమైన ఆధారం కూడా ఫలితాన్ని మెరుగు పరుస్తుందన్నమాట. అందుకే ఏ కొలతనూ తేలికగా చూడకూడదు. బోయాకు పడవ కట్టవద్దని, వల తగలనివ్వవద్దని మన పల్లెల్లో చెప్పండి. అది పాడైతే ఆ చోట కొలతే ఆగిపోతుంది.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారుల కోసం సముద్రపు స్థితిపై ముందస్తు సూచనలు ఇస్తోంది. ఈ రంగంలో ఆసక్తి ఉన్నవారికి మన బరంపురం విశ్వవిద్యాలయంలోనూ, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ సముద్ర శాస్త్ర విభాగాలు ఉన్నాయి. తల్లిదండ్రులు ఆడపిల్లలను కూడా ఇటు ప్రోత్సహించాలని నా మనవి.

అభ్యాసం: పై లెక్కలో ఓడ పొరపాటు కూడా 0.4 మీటరే అనుకొని మళ్ళీ చేయండి. జవాబు 2.5 మీటర్లు వస్తే పాఠం మీకు అర్థమైనట్లే.