నక్షత్ర గుచ్ఛాలు – నిజామియా వేధశాల: పోటీ పరీక్షల ప్రత్యేకం

వివృత నక్షత్ర గుచ్ఛం: ఒకే వాయు, ధూళి మేఘం నుంచి పుట్టి గురుత్వాకర్షణతో వదులుగా కలిసి ఉండే నక్షత్రాల సమూహం. ఉండే చోటు పాలపుంత పళ్లెం. గోళాకార గుచ్ఛాల్లో ఉండేవి వృద్ధ నక్షత్రాలు. జతపరచడానికి అనువైన తేడా ఇదే.

కృత్తికలు: ఎం45, వృషభ రాశి, సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం. ఫొటోల్లో కనిపించే నీలి మసక పరావర్తన నీహారిక. పుట్టిన మేఘం తాలూకు శేషం అనుకోవద్దు.

నిజామియా వేధశాల (కచ్చితంగా చదవాలి):
1901 – నవాబ్ జఫర్ జంగ్ స్థాపన, హైదరాబాద్ ఫిసల్‌బండ.
1908 – నిజాం ప్రభుత్వ అధీనం, తర్వాత బేగంపేటకు తరలింపు.
1919 – ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగింత.
ఈ వేధశాల 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో అంతర్జాతీయ ఆకాశ పటం ప్రాజెక్టు ‘కార్ట్ డు సీల్’ (ఆరంభం 1887, పారిస్) కోసం ఆకాశాన్ని గాజు ప్లేట్లపై ఫొటో తీసింది. హైదరాబాద్ వాటా దక్షిణ క్రాంతి 17–23 డిగ్రీలు. ఎం41 గుచ్ఛం ఈ పట్టీలోనిదే. ఈ అంకెలు ఎవరూ గుర్తుపెట్టుకోరు, అందుకే అడుగుతారు.
1968 – జపాల్–రంగాపూర్ వేధశాల, 48 అంగుళాల దుర్భిణి.

బోర్టిల్ స్కేలు (రాత్రి ఆకాశపు చీకటి కొలత, 2001): చీకటి ఆకాశం 1, నగర నడిబొడ్డు 9. హైదరాబాద్‌లోని కొండాపూర్ లాంటి చోటి నగర వెలుగుల్లో గుచ్ఛాలు చూడాలంటే తక్కువ మాగ్నిఫికేషన్, విశాల దృష్టి క్షేత్రం. ఫొటోకు ట్రాకింగ్ మౌంట్, చిన్న ఎక్స్‌పోజర్ల స్టాకింగ్.