గేదె సంగతి అడిగావా?



సనత్‌నగర్ ఈఎస్ఐ మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ పీజీలో చేరావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. డెంగీ, టైఫాయిడ్, మలేరియా నీకు ఒకరు నేర్పక్కర్లేదు, రోజూ చూస్తావు. చూస్తూనే పోల్చుకోలేనిది పశువుల నుంచి అంటుకునే బ్రూసెల్లోసిస్.

ఈఎస్ఐ కార్డు మీద ఫ్యాక్టరీ పేరుంటుంది, ఊళ్లో కట్టేసిన గేదె పేరుండదు. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు పండక్కి మెదక్ వైపు వెళ్తాడు. గుమ్మపాలు తాగుతాడు, గేదె ఈనుతుంటే చెయ్యి వేస్తాడు. కొన్ని వారాలకి సాయంత్రం జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమట, నడుం నొప్పి. "ఏ పాలు తాగుతావు?" అంటే "ప్యాకెట్ పాలే సార్" అంటాడు, అబద్ధమూ కాదు. అందుకే విడివిడిగా అడుగు: ఊళ్లో పశువులున్నాయా, ఈమధ్య ఏదైనా ఈసుకుపోయిందా, మాయ ఎవరు తీశారు? వృషణాల వాపు సంగతి వాడంతట వాడు చెప్పడు, అదీ నువ్వే అడగాలి. పాల సంగతి తేలడం మొదటినుంచీ ఆలస్యమే: మాల్టాలో డేవిడ్ బ్రూస్ 1887లోనే ఈ జబ్బు క్రిమిని పట్టుకున్నాడు. అది మేకపాలతో వస్తోందని అక్కడి డాక్టర్ జమ్మిత్ తేల్చేసరికి 1905 అయింది.

రోగి చేతిలో అప్పటికే ఒక వైడల్ పాజిటివ్ కాగితం ఉంటుంది. దాన్ని పక్కనపెట్టి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ పంపు. కల్చర్‌తో పంపే కాగితం మీద 'బ్రూసెల్లా అనుమానం' అని రాయి. ఈ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, బాటిల్‌ని తొందరగా పారెయ్యకుండా ఉంచుతారు. పైగా ల్యాబ్ వాళ్లకి గాలి ద్వారానే అంటుకుంటుంది. ఆ రెండు ముక్కలూ రాయకపోవడం నా దృష్టిలో తోటివాళ్లకి చేసే ద్రోహమే. రోజ్ బెంగాల్ నిమిషాల్లో తేలుతుంది. ట్యూబ్ అగ్లుటినేషన్‌లో టైటర్ 1:160 గానీ అంతకు మించి గానీ ఉండి, లక్షణాలూ కలిస్తే నమ్మొచ్చు. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉన్నా తక్కువ డైల్యూషన్‌లో నెగెటివ్ చూపిస్తుంది, ఇంకా పైకి చెయ్యమని అడుగు.

ఇక అసలు చిక్కు టీబీతో. వెన్నుపూసల ఎమ్మారై చూసి ఇది టీబీనా, బ్రూసెల్లానా అని చెప్పడం సీనియర్లకే కష్టం. రిఫాంపిసిన్ రెండింటి మీదా పనిచేస్తుంది. బ్రూసెల్లా అనుకుని ఇచ్చావో, లోపలున్న టీబీ సగం అణిగి, మందుకి లొంగని రకంగా తిరిగొస్తుంది. స్ట్రెప్టోమైసిన్‌కీ అదే ఇబ్బంది. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి మీకు పక్కనే, అనుమానముంటే ముందు అది తేల్చుకో, బయాప్సీ అవసరమైనా సరే. అంతదాకా ఆగలేకపోతే డాక్సీసైక్లిన్‌కి జెంటామైసిన్ జోడించు.

మామూలు కేసులో డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, ఆరు వారాలు. దానితో మొదటి 7–10 రోజులు జెంటామైసిన్ ఇంజెక్షన్ (ముందు క్రియాటినిన్ చూడు), లేదా ఆరు వారాలూ రిఫాంపిసిన్ 600–900 మి.గ్రా. నా ఓటు ఇంజెక్షన్‌కే. వెన్నుకి పాకితే కనీసం మూడు నెలలు. గర్భిణులకి, ఎనిమిదేళ్లలోపు పిల్లలకి డాక్సీసైక్లిన్ వద్దు, వాళ్ల మందులు వేరు. ఒక్క మందుతో మాత్రం ఎవరికీ సరిపెట్టకు.

జ్వరం తగ్గగానే మాత్రలు మానేస్తారు, అప్పుడే జబ్బు తిరగబెడుతుంది. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పు, లేకపోతే భయపడి రెండోరోజే ఆపేస్తారు. డిశ్చార్జి రాసేముందు, అదే గేదె పాలు తాగిన ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించు.