పళ్ళెరములో మఱ్ఱిచెట్టు

పాతబడిన కోటగోడల మీదను, శిథిలాలయముల మీదను మొలచిన మఱ్ఱి, రావి మొక్కలను మీరందఱును చూచియుందురు. పక్షి తిని విడిచిన గింజ ఏ యిటుకల సందుననో పడి మొలకెత్తును. అచ్చట దానికి పిడికెడు మన్నైనను లేదు. ఏండ్లు గడచినను మొక్క మూరెడెత్తు మించదు. కాని కాండము లావెక్కి, ముడుతలు పడి, ముసలిమానును తలపించును. అట్టి గింజయే మంచినేల దొరకిన నేమగునో తెలియవలెనన్నచో కదిరికి చేరువనున్న తిమ్మమ్మ మఱ్ఱిమానును చూడవలెను. ఎకరముల కొలది నేలను కప్పిన యా మాను 1989వ సంవత్సరమున గిన్నిస్ గ్రంథమున కెక్కినది.

వేళ్ళకు చోటు తగ్గిన చెట్టు చిన్నదగునను సంగతిని కళగా మలచినవారు చీనావారు. క్రీ.శ. 706వ సంవత్సరము నాటి యొక రాకుమారుని సమాధిగోడపై, చిన్న మొక్కలును రాళ్ళును అమర్చిన పళ్ళెరమును చేతబట్టిన పరిచారకుల చిత్రము కానవచ్చినది. పిదప నీ కళ జపానునకు ప్రాకెను. జపాను భాషలో 'బోన్' అనగా పళ్ళెరము, 'సాయ్' అనగా నాటుట. జపానువారు విశేషముగా పెంచు సరళవృక్షములకు ఆరుబయటి యెండయు చలియు కావలెను. గదిలో నుంచినచో క్షీణించును. మఱ్ఱి, జువ్వి జాతులు ఉష్ణదేశములవి గనుక గదిలోని వెచ్చదనమును, కొంత వెలుతురు లోపమును ఓర్చుకొనగలవు. అందుచేతనే చలిదేశములవారు ఇంటిలోపల పెంచుటకు వీనినే కోరుకొందురు. మనము గోడమీదినుండి పెఱికి పాఱవేయు మొక్కకు అచ్చట కిటికీచెంత పెద్దపీట!

"పాపము, చెట్టును పస్తులుంచి మరుగుజ్జును చేయుదురు" అని కొంద ఱందురు. అది సరికాదు. పస్తున్న చెట్టు చచ్చును. పెంచువాడు చేయునదెల్ల వేళ్ళను, కొమ్మలను సమతూకముగా కత్తిరించుటయే. ఎరువును, నీరును లోపింపరాదు.

నీటి విషయమే యన్నిటికంటె ముఖ్యము. పళ్ళెరము లోతు రెండుమూడు అంగుళములే. నేలలోని మఱ్ఱి నీటికై తన వేళ్ళను దూరము పంపగలదు; దీని కా వీలు లేదు. వేసవిలో రెండుదినములు మఱచితిమా, పదియేండ్ల శ్రమ వాడిపోవచ్చును. అట్లని మాటిమాటికి పోసినను ముప్పే. ఎల్లప్పుడు తడిసియున్న వేళ్ళు గాలి యాడక కుళ్ళును. మన్నును వ్రేలితో తాకి, పైపొర ఆరనారంభించినదని తెలిసిన పిదప, అడుగు రంధ్రములనుండి నీరు కారువఱకు పోయవలెను. ముతక యిసుక, ఎఱ్ఱమన్ను, కందిగింజలంత యిటుకముక్కలు, బాగుగా చివికిన యెరువు కలిపినచో నీరు నిలువదు.

ఇట్టి శ్రద్ధ తరతరములు సాగిన సందర్భములును గలవు. హిరోషిమా నగరమున యమాకి కుటుంబమువారి యొద్ద 1625 నుండి పళ్ళెరమున పెరిగిన సరళవృక్ష మొకటి యుండెను. 1945 ఆగస్టు 6వ తేదీన ఆటంబాంబు పడినపుడు అది ప్రహరీగోడ చాటున నుండి బ్రతికి బయటపడెను. 1976లో యమాకివారు దానిని అమెరికాకు కానుకగా నిచ్చిరి. 2001లో వారి మనుమలు వాషింగ్టనునకు వచ్చి చెప్పిన పిదపగాని దాని పూర్వకథ అచ్చటివారికి తెలియలేదు.

ఇక జువ్వి సంగతి. తూర్పు కిటికీ దానికి తగిన చోటు. చోటు మార్చినపుడు ఆకులు రాల్చుట ఈ జాతికి స్వభావము. అది చూచి బెదరి మఱింత నీరు పోయుట తగదు. ఆకులు తగ్గిన చెట్టునకు దాహమును తగ్గును. కొమ్మ ఆరేడు ఆకులు తొడిగిన పిదప రెండాకులు విడిచి కత్తిరింపవలెను. గాటునుండి పాలు కారును. తడిగుడ్డతో తుడిచిన చాలును. ఇట్లు చేయగా చేయగా ఆకులు చిన్నవగును. కాయలు మాత్రము చిన్నవి కావు! రెండేండ్ల కొకమారు వానలకు ముందు చెట్టును పైకి తీసి, వేళ్ళలో మూడవవంతు కోసి, క్రొత్తమన్నులో నాటి, కొన్నినాళ్ళు నీడన నుంచవలెను.

ఊడలు దిగుట చూడముచ్చటగా నుండును. గదిలోని పొడిగాలికి అవి దిగవు. వానకాలమున వరండాలో నుంచినచో కొమ్మలనుండి దారములవంటి యూడలు బయలుదేరును. సన్నని గొట్టమును నిలిపి దానిగుండ దించినచో ఆరిపోక మన్నును చేరును. మన్ను తాకిన యూడ త్వరలోనే లావెక్కును.

గోడమీది మొక్కతో ప్రారంభింపగోరువారు పెద్దల యనుమతి గైకొని, వానకు ఇటుకలు నానియున్నపుడు దానిని తీయవలెను. కొన్నివేళ్ళు గోడలోనే తెగిపోయినను ఈ జాతి తట్టుకొనును. మొదటి సంవత్సరము లోతైన కుండలోనే పెంచి, కత్తిరింపక విడిచి, మఱుసటి వానలకు పళ్ళెరమునకు మార్చవచ్చును.