ఎవరు ఆరోపించారు?



గద్వాలలో విలేకరిగా చేరాక నువ్వు రాసినవన్నీ చదివాను. రేషన్ బియ్యం వార్తలో డీలర్ మీద ‘ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి’ అన్నావు. ఎవరు ఆరోపించారు బిడ్డా? వార్త మొత్తంలో ఒక్క మనిషీ కనబడలేదు. ఆరోపించడమంటే ఒకరు మరొకరి మీద ఒక పనిని మోపడం. మోపినవాళ్లెవరు, దేన్ని చూసి మోపారు, ఎవరికి ఫిర్యాదిచ్చారు అన్నవి ఉంటేనే అది ఆరోపణ. ‘వినిపిస్తున్నాయి’, ‘గుప్పుమంటున్నాయి’ అని రాస్తే కర్త మాయమై పుకారు మిగులుతుంది. పైగా డీలర్ ఏమన్నాడో రాయలేదు. అతను ఫోన్ ఎత్తకపోతే, ఎత్తలేదనైనా రాయి.

మాట్లాడేటప్పుడు మన ఊళ్లవాళ్లు ఇంతకంటే జాగ్రత్తగా ఉంటారు. “పక్కూర్ల పిల్లల నెత్తుకపోయిన్రట” అంటారు. చివరనున్న ఆ ‘ట’ ఉందే, నేను చూడలేదు, విన్నాను అని ఒప్పుకునే మాట అది. ఫోన్‌లో వీడియో చేతికొచ్చాక ఆ ‘ట’ రాలిపోయింది. కళ్లారా చూశామనుకున్నారు.

2018లో మన గద్వాల వైపు, నడిగడ్డలో అదే జరిగింది. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకునే జనం పొద్దు గూకగానే తలుపులు బిగించుకున్నారు. పిల్లల్ని ఎత్తుకెళ్లే ‘పార్థీ గ్యాంగ్’ దిగిందని వాట్సాప్‌లో సందేశాలు. పార్థీలంటే ఒక తెగ. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్ వాళ్లు ముద్ర వేసిన తెగల్లో అదీ ఉంది. 1952లో చట్టం రద్దయింది, ముద్ర పోలేదు. పుట్టుకతోనే నిందితులయ్యారు వాళ్లు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇక ఆ ఏడాది దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి, కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం. ఎత్తుకెళ్లిన పిల్లాణ్ని తిరిగి తెచ్చి దింపే ముక్కను తీసేసి మిగతాది పంచారు.

అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గద్వాల, వనపర్తి రెండు జిల్లాలూ చూసేవారు. ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును కేటాయించారు. భయం సంగతి ముందు కనిపెట్టింది ఆ పోలీసులే. ఇంటింటికీ తిరిగారు, డప్పు కొట్టి పాటలతో చెప్పారు. 400కు పైగా ఊళ్లలో ఆ పుకార్లకు ఒక్క ప్రాణమూ పోలేదు. అదే ఏడాది జులై 13న బీదర్ జిల్లా ముర్కిలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు ఎత్తుకెళ్లేవాళ్లని అనుమానించి హైదరాబాద్ యువకుడొకణ్ని కొట్టి చంపారు.

అందుకే ‘కిడ్నాపర్లు పట్టుబడ్డారు..?’ లాంటి శీర్షిక పెట్టకు. ప్రశ్నార్థకం ఎవరికీ కనబడదు. పోలీసులు ప్రశ్నిస్తున్నవాడు అనుమానితుడు, కేసులో పేరెక్కినవాడు నిందితుడు, కోర్టు తేల్చాకే దోషి. నాగర్‌కర్నూల్ వార్తలో నిందితుడు ‘నేరం ఒప్పుకున్నాడు’ అని రాశావు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది, పాత ఎవిడెన్స్ యాక్టులో అది 25వ సెక్షన్. ‘ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు’ అని రాయి. రెండు మాటలు పెరుగుతాయి, పెరగనీ.

ఇంకొకటి. ఎవరి మీద ఆరోపణ రాసినా ఆ కేసు నంబరు నోట్‌బుక్‌లో ఎక్కించుకో. నెలకోసారి కోర్టుకెళ్లి ఏమైందో కనుక్కో. కేసు కొట్టేస్తే ఆ సంగతి కూడా, మొదట రాసిన పేజీలోనే, అంతే చోటు అడిగి వేయించు. డెస్క్‌వాళ్లు పాత వార్తెందుకు అంటారు. పట్టుబట్టు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న, వనపర్తి