బంకమట్టి చెప్పిన పాఠం

ఈ సంచికలో అక్షరాల పాఠం బదులు మట్టి పాఠం చెప్పాలనుకున్నాము. ఇందుకు కారణం మన బడి వెనుక నాటిన కరివేపాకు మొక్క.

గుట్టను కోసి చదును చేసిన ఆ నేలలో మొక్కను ఎంతో ఇష్టంగా నాటాము. రెండు నెలలకే ఆకులు పసుపుపచ్చగా మారాయి. నీళ్లు చాలడం లేదేమోనని అందరం వంతులు వేసుకుని ఇంకా పోశాము. చివరికి మొక్క చచ్చిపోయింది. పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. గుంటలో మట్టి బూడిద రంగులో, అక్కడక్కడ నారింజ మచ్చలతో, పిండిముద్దలా జిగటగా ఉంది. దాహంతో చచ్చిపోతోందని మేము అనుకున్న మొక్క నిజానికి ఊపిరాడక చచ్చిపోయింది. మట్టిని చదవడం రాక మేము చేసిన తప్పు అది. మీరు ఆ తప్పు చేయకూడదనే ఈ పాఠం.

షేల్ అంటే ఏమిటి?

మలేషియాలో చాలా చోట్ల ఇలాంటి బంకమట్టికి తల్లి షేల్ అనే రాయి. పూర్వం సముద్రాల అడుగున, నదీ ముఖాల దగ్గర సన్నని బురద పొరలు పొరలుగా పేరుకుంది. పైన పడ్డ బరువుకు ఆ బురద గట్టిపడి రాయి అయింది. అందుకే షేల్‌ను కొడితే పలచని రేకులుగా విడిపోతుంది. ఇలాంటి రాయే భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ ఇంకా గట్టిపడితే పలకరాయి అవుతుంది. మార్కాపురం పలకల పేరు మీ తాతయ్యలు, నాయనమ్మలు వినే ఉంటారు. వాళ్లు ఓనమాలు దిద్దిన పలకకు షేల్ చెల్లెలన్నమాట!

మలేషియా ఎండకూ వానకూ షేల్ క్రమంగా చివికి మళ్లీ బంకమట్టి అవుతుంది.

నీరు ఎందుకు దిగదు?

ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. బంకమట్టి రేణువు మాత్రం 0.002 మిల్లీమీటరు కంటే చిన్నది. గోనెసంచిలో కొబ్బరికాయలు నింపితే మధ్య ఎంత ఖాళీ ఉంటుందో చూడండి, ఆవాలు నింపితే ఆ సందులు ఎంత చిన్నవో చూడండి. బంకమట్టి సందులు అంతకంటే ఎన్నో రెట్లు సన్నవి. వాన పడితే అవి నీటితో నిండిపోతాయి, నీరు కిందికి దిగడం చాలా ఆలస్యమవుతుంది. సందుల్లో నీరుంటే గాలికి చోటు లేదు. మనలాగే వేళ్లకూ ప్రాణవాయువు కావాలి. అది లేక వేళ్లు కుళ్లుతాయి, కుళ్లిన వేళ్లు నీళ్లు తాగలేవు. చుట్టూ నీళ్లున్నా మొక్క వాడిపోయేది అందుకే.

రంగులను చదవడం

మట్టిలో ఇనుము ఉంటుంది. గాలి తగిలితే తుప్పు పట్టి ఎరుపు, పసుపు, నారింజ రంగులు ఇస్తుంది. నీరు చాలాకాలం నిలిస్తే ఆ తుప్పు కరిగిపోయి మట్టి బూడిద రంగుకు మారుతుంది. కొన్నాళ్లు తడి, కొన్నాళ్లు ఆర ఉండే చోట బూడిద రంగు మీద నారింజ మచ్చలు కనిపిస్తాయి. మన గుంటలో కనబడినవి అవే. ఎండాకాలంలో తవ్వినా సరే, వానాకాలంలో అక్కడ నీరు నిలిచిందని ఆ మచ్చలు సాక్ష్యం చెబుతాయి.

అయితే షేల్ మట్టి అంతా ఒకటి కాదు. మలేషియా శాస్త్రజ్ఞులు మట్టి రకాలకు ఊళ్ల పేర్లు పెట్టారు. జొహోర్‌లో సెగామత్ దగ్గరి బాతు అనమ్ పేరుతో ఉన్న రకం లేత రంగులో, మచ్చలతో, నీరు సరిగా దిగకుండా ఉంటుంది. ముంచోంగ్ రకం కూడా షేల్ బిడ్డే. కానీ అది లోతుగా, గోధుమ రంగులో ఉండి నీటిని చక్కగా దింపుతుంది. ఒక తల్లి బిడ్డలే, గుణాలు వేరు.

లంబిర్ అడవిలో

సరావాక్‌లో మిరి పట్టణానికి దగ్గరలో లంబిర్ హిల్స్ జాతీయ వనం ఉంది. 1975లో ఏర్పడింది. అక్కడ 52 హెక్టార్లలో శాస్త్రజ్ఞులు ప్రతి చెట్టునూ కొలిచి లెక్క రాస్తున్నారు. ఆ చిన్న చోటులోనే దాదాపు 1,200 జాతుల చెట్లున్నాయి! అక్కడ ఇసుకరాతి నుంచి పుట్టిన ఇసుక నేల, షేల్ నుంచి పుట్టిన బంకనేల పక్కపక్కనే ఉన్నాయి. బంకనేలలో నీరు అంత బాగా దిగదు, కానీ పోషకాలు ఎక్కువ. రాలిన ఆకులు త్వరగా మట్టిలో కలిసిపోతాయి. చెట్లు త్వరగా పెరుగుతాయి, త్వరగా చనిపోతాయి కూడా. ఇసుక నేల పేదది, అక్కడ రాలిన ఆకులు మందంగా పరుపులా పేరుకుంటాయి.

అక్కడ కపూర్ చెట్లున్నాయి. కపూర్ అన్న మలయ్ మాటా మన కర్పూరమూ చుట్టాలే. పూర్వం బోర్నియో కర్పూరం తీసిన కపూర్ జాతి లంబిర్‌లో ఇసుక నేలను ఇష్టపడుతుంది. దాని తోబుట్టువు కపూర్ పాజి బంకనేలను ఎంచుకుంటుంది. కాబట్టి బంకమట్టి చెడ్డది కాదు. దానికి తగిన చెట్టు ఉంటుంది, అంతే.

దానికి ఒక బలహీనత కూడా ఉంది. తడిగా ఉన్నప్పుడు పెద్ద యంత్రాలు తొక్కితే సందులు మూసుకుపోతాయి. మళ్లీ తెరుచుకోవడానికి ఏళ్లు పడుతుంది. మన బడి వెనుక నేలనూ ఇళ్లు కట్టినప్పుడు యంత్రాలు తొక్కే ఉంటాయి.

మన పెద్దలకు తెలిసిన సంగతి

బాగన్ దాతుక్ వైపు కొబ్బరి తోటల్లో మన తెలుగువాళ్లు పనిచేశారు. అక్కడిది షేల్ మట్టి కాదు, సముద్రం తెచ్చిన బంకమట్టి. అయినా చిక్కు ఒక్కటే, నీరు నిలవడం. అందుకే ఆ తోటల్లో ముందు కాలువలు తవ్వాలి, వాటినే ఇక్కడ పారిట్ అంటారు. మేమూ ఈసారి గట్టు పోసి, పక్కన చిన్న కాలువ తీసి, ఎండుటాకులు కలిపి కొత్త కరివేపాకు నాటాము. చిగురు వేసింది.

ఇంట్లో చేసి చూడండి

1. పెరటి మట్టిని తడిపి చేతుల మధ్య తాడులా చుట్టండి. విరగకుండా సన్నగా సాగితే అది బంకమట్టి.
2. అమ్మానాన్నల సాయంతో జానెడు గుంట తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నీళ్లుంటే అక్కడ మొక్క నాటే ముందు కాలువ తీయాలి.
3. ఒండ్రు, ఎర్రనేల, నల్లరేగడి, చౌడు – ఈ మాటలకు అర్థం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకు రండి. వాళ్ల ఊళ్లో ఏ నేల ఉండేదో కూడా అడగండి. అవి మన పెద్దలు నేలను చదివి పెట్టిన పేర్లు. మనం పలకకపోతే మన ఇళ్లలో ఇంక వినబడవు.